లప్పం కింద ఏముంది? అంబాసిడర్ రిస్టోరేషన్‌లో వరస తప్పే చోట్లు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది అంబాసిడర్ రిస్టోరేషన్ గురించే, అంటే పాత బండిని తిరిగి అసలు రూపానికి తేవడం గురించి. పాత కార్లు ఎన్నో ఉన్నాయి. కానీ మనవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చేది, తాతగారి పేరు మీద ఆర్సీతో షెడ్డులో దుమ్ముకొట్టుకుని కనిపించేది ఇదే కదా. నేను చెప్పేవాటిలో చాలావరకు ప్రీమియర్ పద్మినికీ సరిపోతాయి. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందుగా ఒక మాట. ఈ బండి 1950ల చివర్లో మొదలై 2014 దాకా ఉత్తరపారలో తయారైంది. పేరు ఒక్కటే గానీ లోపలి బండి చాలాసార్లు మారింది. ఎక్కువ కాలం వచ్చింది 1489 సీసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్. తర్వాత డీజిల్ వచ్చింది, 1990ల్లో ఇసుజు 1817 సీసీ వచ్చింది. మార్క్ 1 నుంచి మార్క్ 4 దాకా గ్రిల్లు, డ్యాష్‌బోర్డు, లైట్లు మారుతూ వచ్చాయి. కౌంటర్ దగ్గర నిలబడి "అంబాసిడర్‌ది ఇవ్వండి" అంటే చేతిలో ఏది పెడతారో తెలియదు. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి. కొత్తది బిగిసేదాకా పాతదాన్ని పారేయకండి, అది ఎంత పనికిరానిదైనా సరే. రేపు లేత్ మీద కొలత కావాలంటే చూపించడానికి అదొక్కటే ఆధారం.

రిస్టోరేషన్‌లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం చేతకాక జరిగేవి కావు, వరస తప్పి జరిగేవి. పెయింటర్ మంచివాడే, మెకానిక్ మంచివాడే. కానీ ఎవరి పని ముందు, ఎవరిది వెనక అన్నది ఎవరూ ఆలోచించరు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్కలోనే మాట్లాడతాను.

మొట్టమొదటి పని కాగితాలు. స్పానర్ పట్టకముందే ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద చూసి సరిపోల్చుకోండి. ట్యాక్సీగా తిరిగిన చాలా పెట్రోల్ బళ్లకు మధ్యలో డీజిల్ ఇంజన్ ఎక్కించారు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బండి అక్కడే ఆగిపోతుంది. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాల్సిందే. ఇంకో చిక్కు ఏంటంటే, గ్రైండర్ పట్టినవాడు తుప్పుతోపాటు చాసిస్ నంబరునూ అరగదీసేస్తాడు, లేదా పెయింటర్ దానిమీద ఇంత లప్పం పూసేస్తాడు. పని మొదలుపెట్టే ముందే నంబరుకు ఫోటో తీసి, పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసుకుని, ఆ నంబరు మీద టేపు అంటించేయండి.

50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. సొంత వాడకపు బళ్లకే ఇది వర్తిస్తుంది. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ఆ తర్వాత తిరిగి రిజిస్టర్ చేయించుకుంటే 5,000 రూపాయలకు 5 ఏళ్లు. షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరుకు తీసుకెళ్లడం, ఇలాంటివాటికే రోడ్డెక్కాలి. కాబట్టి బండి రోజూ నడపాలా, వింటేజ్ నంబరు కావాలా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఇసుజు ఇంజన్ ఎక్కించేసి, డిస్క్ బ్రేకుల కోసం ముందు భాగమంతా కోసేసి, ఆ తర్వాత వీఏ నంబరుకు అప్లై చేస్తే ఏం లాభం?

సరే, ఇనుము దగ్గరికి వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే.

అంబాసిడర్‌కు లారీలాగా విడిగా చాసిస్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. బాడీనే బలం. పద్మినీ అంతే. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే పెట్టె ఉంటుంది కదా, దాన్ని సిల్ అంటాం. ఫ్లోరు, సిల్లు, వాటిని కలిపే అడ్డ మెంబర్లు, ఇవన్నీ కలిసే బండిని నిలబెడతాయి. అంబాసిడర్ ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లది, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే పొడవాటి కడ్డీలది. ఆ కడ్డీల వెనక చివర పట్టుకుని ఉండేది ముందు సీటు కింద ఉన్న అడ్డ మెంబరు. అది తుప్పుపట్టిందంటే ముందు సస్పెన్షన్ పట్టు ఊడిపోవడానికి సిద్ధంగా ఉందని అర్థం. బండి కొనేటప్పుడు మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిచి చూడండి. డొల్ల శబ్దం వస్తే ధర సంగతి వేరుగా మాట్లాడాలి.

లప్పం ఎక్కడుందో కనిపెట్టడానికి చిన్న అయస్కాంతం చాలు. దానికి పలచటి బట్ట చుట్టి తలుపుల కింది అంచులు, ముందు ఫెండర్లలో హెడ్‌లైట్ వెనక భాగం, డిక్కీ నేల, వెనక చక్రం గుండ్రం, అద్దం రబ్బరు చుట్టూ పెట్టి చూడండి. అంటుకోని చోట లప్పమో ఫైబరో ఉన్నట్టే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల బళ్లలో ఈ చోట్లు ముందు చూడాలి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చే బండికి ఇనుము గట్టిగా ఉంటుంది గానీ రబ్బర్లు, డ్యాష్‌బోర్డు, సీట్ల కుట్లు ఎండకు పెళుసెక్కిపోయి ఉంటాయి. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఎండకు ఎండిన బండినే తీసుకోమంటాను. రబ్బరు కొనగలం, సిల్లు తయారు చేయించాలి.

సిల్లు మార్చేటప్పుడు జరిగే పెద్ద తప్పు చెబుతాను. తలుపులు పీకేసి, బండిని మధ్యలో రెండు స్టాండ్ల మీద పెట్టి, రెండువైపులా సిల్లు ఒకేసారి కోసేస్తారు. ఆ క్షణం నుంచి బండి నడుం వంగడం మొదలవుతుంది. కొత్త సిల్లు వంగిన కొలతకే వెల్డింగ్ అయిపోతుంది. తర్వాత తలుపు వేస్తే పైన సందు, కింద ఒరిపిడి. దాన్ని సరిచేయడానికి తలుపు అంచునే సుత్తితో కొట్టి వంచుతారు. అలా చేయకండి. తలుపులు బిగించి ఉండగానే చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. 25 మిల్లీమీటర్ల చదరపు పైపుతో ఒక్కో తలుపు గుమ్మంలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి ట్యాక్ వెల్డింగ్ (తర్వాత తీసేయడానికి వీలుగా చుక్కల అతుకు) చేయండి. బండి బరువు ముందు, వెనక యాక్సిల్ ఉండే చోటే ఆనాలి. ఒక వైపు పూర్తిచేసి, తలుపు వేసి చూసుకుని, రెండోవైపు మొదలుపెట్టాలి.

వెల్డింగ్ ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు రెండూ బయటికి రావాలి. ఖాళీ ట్యాంకేలే అని వదిలేస్తారు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరే ఉంటుంది. పలచటి రేకుకు గ్యాస్ వెల్డింగ్ వద్దు. వేడి వెడల్పుగా పాకి రేకు అలలు పోతుంది. మిగ్ వెల్డింగ్ (వైరు తానే వస్తూ కరిగి అతికే కరెంటు వెల్డింగ్) చేయించండి, 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరుతో. ఒకచోట చుక్క, అక్కడి నుంచి దూరంగా ఇంకో చుక్క, అలా చల్లారనిస్తూ చుక్కలన్నీ కలిసేదాకా. తొందరపడి తడిబట్ట పెట్టి చల్లార్చకండి.

తుప్పు తీయడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించడం, అదే బ్లాస్టింగ్, ఒక అలవాటైపోయింది. కింది భాగాలకు, సస్పెన్షన్ ముక్కలకు బ్లాస్టింగ్ బాగానే ఉంటుంది. బానెట్, టాపు, తలుపుల బయటి రేకు లాంటి వెడల్పు భాగాల మీద ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకు ఉబ్బి వంకర తిరుగుతుంది. దాన్ని మళ్లీ చదును చేయడం ఎవరివల్లా కాదు. అక్కడ రంగు తీసే రసాయనం, లేదా చేత్తో సాండింగ్. ఇక నది ఇసుక వాడటం మాత్రం ఎక్కడా వద్దు. ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది, పనివాళ్ల ప్రాణాలతో ఆట అది.

రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. జులై, ఆగస్టు తేమలో తెరిచిన రేకు మీద సాయంత్రానికల్లా ఎర్రటి పొర కనిపిస్తుంది. తుప్పు మీద పూసే యాసిడ్ ద్రవం వాడితే దాన్ని పూర్తిగా కడిగి ఆరబెట్టాకే ప్రైమర్. మిగిలిన యాసిడ్ మీద ఎపాక్సీ పట్టుకోదు, ఆరు నెలలకు అట్టలా లేస్తుంది.

ఇప్పుడు లప్పం. లప్పం చెడ్డదేం కాదు, ఎంత పూశారన్నదే ప్రశ్న. రెండు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే ఎండకు రేకు సాగినట్టు అది సాగలేక పగులుతుంది. అంతకంటే లోతుగా సొట్ట ఉంటే టింకరింగ్ (రేకును కొట్టి సొట్ట తీయడం) ఇంకా పూర్తికాలేదని అర్థం. మన షెడ్లలో ఇంకో అలవాటుంది: లప్పాన్ని నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దడం. దుమ్ము లేవదు, నున్నగా వస్తుంది, నిజమే. కానీ పాలిస్టర్ లప్పం స్పాంజిలా నీళ్లు తాగుతుంది. పైన రంగు వేశాక ఆ తడికి బయటికి దారి ఉండదు, వేసవి ఎండకు పొక్కులు తేలతాయి. అప్పుడు పెయింటరు పెయింటు కంపెనీని తిడతాడు, యజమాని పెయింటర్‌ను తిడతాడు. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. ప్రైమర్ సర్ఫేసర్ వేశాక మాత్రం తడి పేపర్ పట్టవచ్చు.

ప్రైమర్ దాకా వచ్చాక ఆగండి. ఇక్కడ బండిని ఒకసారి పూర్తిగా కలిపి చూడాలి. తలుపులు, తాళాలు, అద్దాలు, అద్దం రబ్బర్లు, గ్రిల్లు, బంపర్లు, లైట్ల రింగులు అన్నీ. ఈ రోజు దొరికే కొత్త రబ్బరు ఒక మిల్లీమీటరు మందంగా ఉండొచ్చు, తలుపు మూసుకోదు. కొత్త గ్రిల్లు రంధ్రం పాత రంధ్రానికి ఎదురుగా ఉండకపోవచ్చు. డ్రిల్లు, సుత్తి, రాయి పని ఏదున్నా ఇప్పుడే. అంతా సరిపోయాక విప్పి, అప్పుడు రంగు. ఈ ఒక్క మెట్టు దాటేసి నేరుగా రంగుకు వెళ్లిపోవడం వల్ల పాడైనన్ని బళ్లు ఇంకేదాని వల్లా పాడవలేదని నా అభిప్రాయం. మెరిసే కొత్త రంగు మీద డ్రిల్లు జారితే చూడాలి యజమాని మొహం. ఇంకొకటి, గట్టిపడే ద్రవం కలిపి కొట్టే పీయూ పెయింటులో ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకు రుమాలు, గుడ్డ మాస్కు అసలు సరిపోవు. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉన్న బూత్‌లోనే కొట్టించండి.

క్రోమియం గురించి ఒక్క ముక్క. బంపర్లు ఇనుము, వాటిని పాలిష్ చేసి తిరిగి ప్లేటింగ్ చేయించవచ్చు. హ్యాండిళ్లు, చిన్న చిన్న బొమ్మలు కొన్ని జింకు పోత. వాటిని బంపర్లతో కలిపి యాసిడ్ తొట్టిలో ముంచితే గుంటలు పడిపోతాయి. విడిగా కట్టి, పోత ముక్కలని చెప్పి ఇవ్వండి.

ఇంజన్‌కు వచ్చే ముందు బోల్టులు. బీ-సిరీస్ ఇంజన్, బండిలో చాలా భాగం అంగుళాల లెక్క, ఎక్కువగా యూఎన్ఎఫ్ మరలు, అంటే అంగుళాల కొలతలో సన్న మరలు. పద్మిని ఇటలీ వంశం కాబట్టి మిల్లీమీటర్లు. 5/16 అంగుళం యూఎన్ఎఫ్ బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. మన షాపులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు మర దూరం 1.25. మొదటి రెండు చుట్లు తిరుగుతుంది, మూడో చుట్టు దగ్గర బిగుస్తుంది, అక్కడ బలంగా తిప్పితే బ్లాకులో మర పోతుంది. స్పానర్ విషయమూ అంతే. ఆ బోల్టు తలకు కావలసింది అర అంగుళం, అంటే 12.7. అందుకు 13 స్పానర్ పెట్టి మూలలు అరగదీసినవి ఎన్నో కనిపిస్తాయి. ఒక అంగుళాల స్పానర్ సెట్టు కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు.

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం మొదటి రోజు జరిగే తప్పు. పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, అంటుకుని ఉంటాయి, విరుగుతాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజనాయిల్ పోయండి. రెండు రోజులు వదిలేసి, చేత్తో తిప్పండి. తిరిగితే ఆయిల్ మార్చి, కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతంలోపు ఉంటే ఇంజన్ దించాల్సిన పనే లేకపోవచ్చు. ఒకదాంట్లో తక్కువ ఉంటే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో.

బోరింగ్, అంటే అరిగిన బోరును కోసి పెద్దది చేయడం, చేయించాల్సి వస్తే వరస ఇది. ముందు పిస్టన్లు కొనాలి, వాటిని లేత్ వాడికి ఇవ్వాలి, పిస్టన్ కొలత చూసి అతను బోరు చేయాలి. చాలామంది బోరు 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దది చేయించేసి పిస్టన్ల కోసం ఊళ్లు తిరుగుతారు. దొరకకపోతే 30, అదీ దొరకకపోతే 40. ఆ తర్వాత బ్లాకుకు లైనర్లే గతి. రింగును పిస్టన్‌కు ఎక్కించక ముందు ఒట్టిగా బోరులో పెట్టి మూతి సందు కొలవండి, అంగుళం బోరుకు సుమారు 4 థౌ లెక్క. మన బోరు 2.875 అంగుళాలు కాబట్టి 11, 12 థౌ వస్తే మంచిది. లేత్ నుంచి వచ్చిన బ్లాకును నేరుగా బిగించడం ఇంకో తప్పు. ఆయిల్ దారుల బిరడాలు ఊడదీసి, పొడవాటి బ్రష్షుతో కడగాలి. ఆ దారుల్లో మిగిలిన ఇనుప రజను మొదటి పది నిమిషాల్లోనే కొత్త బేరింగుల్ని గీరేస్తుంది.

బీ-సిరీస్ క్రాంకు వెనక చివర రబ్బరు ఆయిల్ సీలు ఉండదు, ఆయిల్‌ను వెనక్కి తోసే మరలాంటి గీత ఒక్కటే ఉంటుంది. ఆయిల్ కారుతోందని అక్కడ సిలికాన్ పేస్టు మెత్తితే ఏం ఆగదు. రింగులు అరిగి క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగితేనే ఆ కారడం ఎక్కువవుతుంది, వెతకాల్సింది అక్కడ. ఎక్కువైన సిలికాన్ లోపలికి ఊడి, సంపులో, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ గిన్నెలో, జల్లెడకు అడ్డం పడుతుంది.

హెడ్డు దించినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల సంగతి తేల్చండి. బీ-సిరీస్ హెడ్డు పోత ఇనుము, సీట్లు దాన్లోనే కోసి ఉంటాయి. పాత రోజుల్లో పెట్రోల్‌లో ఉన్న సీసం వాటిని కాపాడేది. 2000 సంవత్సరం నుంచి సీసం లేదు. బండిని గట్టిగా నడిపితే సీటు లోపలికి అరుగుతుంది, వాల్వు క్లియరెన్సు తగ్గిపోతూ వస్తుంది. కాబట్టి గట్టి ఉక్కు ఇన్సర్టులు వేయించండి, ఎగ్జాస్ట్‌కు చాలు. పద్మిని హెడ్డు అల్యూమినియం, దానికి ఇన్సర్టులు ముందే ఉంటాయి. వాల్వులను తెరిచే కామ్, టాపెట్లు కొత్తవి వేస్తే మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో వదలకండి. 2000, 2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు నడవాలి. ఐడిల్‌లో టాపెట్లకు ఆయిల్ చిమ్మడం తక్కువ.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం మన దగ్గర దాదాపు ఆచారం. అసలు కారణం బ్లాకులో వెనక సిలిండర్ చుట్టూ పేరుకున్న ఎర్ర బురద. కోర్ ప్లగ్గులు (బ్లాకు పక్కన నీటి దారికి ఉండే రేకు బిరడాలు) తీసి, కడ్డీతో గీకి కడగాలి. థర్మోస్టాట్ లేని ఇంజన్ చల్లగా నడిచి, పెట్రోల్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, బోరు త్వరగా అరుగుతుంది. రేడియేటర్ మూత కూడా పాత దానిమీద ఎన్ని పౌండ్లని రాసి ఉంటే అన్నే ఉండాలి. కొత్త కార్ల 13 పౌండ్ల మూత పెడితే పాత ఇత్తడి రేడియేటర్ అతుకులు విచ్చుకుంటాయి.

బ్రేకులు. ఇంజన్ స్టార్టయిన ఉత్సాహంలో బ్రేకులు చూడకుండా వీధి చివరిదాకా తీసుకెళ్తారు, అది వద్దు. వీల్ సిలిండర్లలో తుప్పు గుంటలుంటే రుద్దడం చాలదు, స్లీవ్ వేయించాలి లేదా కొత్తది కొనాలి. రబ్బరు కప్పుల్ని కిరోసిన్‌తోగానీ పెట్రోల్‌తోగానీ కడగకూడదు, ఉబ్బిపోయి బ్రేకు పట్టేస్తుంది. బ్రేకాయిల్‌తోనే తుడవండి. పాత హోసులు బయటికి బాగున్నా లోపల మూసుకుపోతాయి. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు, డ్రమ్ము కాలుతుంది. హోసులన్నీ ఒకేసారి మార్చండి. పైపులకు ఒట్టి రాగి వద్దు, అదురుకు పగులుతుంది.

వైరింగ్‌లో మూడు సంగతులు చెప్పి ముగిస్తాను. అంబాసిడర్‌కు మూలమైన ఇంగ్లండ్ మోరిస్ వంశపు పాత బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలుస్తుంది. బాడీకి ఏ తీగ వెళ్తోందో చూడకుండా బ్యాటరీ బిగిస్తే, ఎవరైనా పెట్టించిన ఆల్టర్నేటర్ డయోడ్లు క్షణంలో పోతాయి. పాత లూకాస్ వైరింగ్‌లో హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండదు, రెండు ఫ్యూజులు పెట్టించండి. మూడోది 100 వాట్ల బల్బులు. రెండు కలిపి 16 ఆంపియర్లు పైమాటే, అదంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోతుంది. పాత డైనమో ఇచ్చేదే 22 ఆంపియర్లు. రిలేతో 60/55 వాట్ల బల్బులు పెట్టుకుంటే వెలుగూ వస్తుంది, స్విచ్చూ కరగదు. ఇక ప్రశ్నలు అడగండి.

(శ్రోతల ప్రశ్నల నుంచి)

ప్రశ్న: ఇప్పుడు వచ్చే ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ బళ్లలో పోయొచ్చా?

జవాబు: బంకులో దొరికేది అదే కాబట్టి పోయక తప్పదు, సిద్ధం చేసి పోయాలి. ఇథనాల్ పాత రబ్బర్లను మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న హోసు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ సూది చివర, గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయండి, హోసైతే లోపలి పొర విటాన్ రబ్బరుతో చేసినది. అది ట్యాంకులోని పాత బురదనూ కదిలిస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకులకు ఫిల్టర్ మారుస్తూ ఉండండి. మామూలు పెట్రోల్‌కు ఒక భాగానికి 14.7 భాగాల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే పాత సెట్టింగులో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఎస్‌యూ కార్బురేటర్ అయితే కింద జెట్ నట్టును ఒకటి రెండు ముఖాలు కిందికి దింపి చూడండి. సోలెక్స్ అయితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. ప్లగ్గు రంగు చూసుకోండి, తెల్లగా ఉంటే ఇంకా పలచగానే ఉన్నట్టు.

ప్రశ్న: మా బండికి రేడియల్ టైర్లు వేయొచ్చా?

జవాబు: అంబాసిడర్ అసలు సైజు 5.90-15 క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాత రకం టైరు), పద్మినికి 5.20-14. రేడియల్ వేస్తే నాలుగూ రేడియలే వేయండి, ముందు ఒక రకం, వెనక ఒక రకం వద్దు. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటినది వద్దు.

ప్రశ్న: వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే సరిపోతుందా?

జవాబు: అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం. అయిదు నిమిషాల్లో ఆయిల్ వేడెక్కదు, లోపల చేరిన తేమ సంపులోనూ సైలెన్సర్‌లోనూ ఉండిపోతుంది. రెండు మూడు వారాలకు ఒకసారి అయినా ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడపండి. నెలల తరబడి నిలపాలంటే ట్యాంకు నిండా పోయించండి, ఖాళీ చోటు ఉంటే తేమ చేరి ఇథనాల్‌లో కలుస్తుంది. బ్యాటరీ తీగ విప్పండి. హ్యాండ్ బ్రేకు వేయకండి, వానాకాలంలో లైనర్లు డ్రమ్ముకు అంటుకుపోతాయి. చక్రాలకు చెక్క అడ్డం పెడితే చాలు.